కారణం గడిలో నేను రాసిన వాక్యం

ఇంగ్లీషులో 'కాజ్' అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నాకు కూడు పెట్టేది కూడా ఆ మాటే, అది వేరే సంగతి. తమిళనాడులోని విరుదునగర్‌లో మిరపకాయల గోడౌను మీద ఒక మేడగది అద్దెకు తీసుకుని ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతున్నాను. కింద మూటలు దించిన రోజు క్లాసులో సగం మంది తుమ్ముతూనే ఉంటారు. బ్యాంకు పరీక్షలకూ పోలీసు పరీక్షలకూ చదివే పిల్లలు వాళ్లంతా. వాళ్ల చేత పర్యాయపదాలు బట్టీ పట్టిస్తాను. ఈసారి 'కాజ్' పాఠం చెప్పిన మర్నాడే మా అత్త పని చేసే షెడ్డులో నిప్పు లేచింది.

ఆ పాఠం నేను బాగా చెబుతానని నాకు గర్వం ఉండేది. 'కాజ్' అంటే కారణం కావడం, కలిగించడం అని చెప్పి ఊరుకునే మాస్టర్లను చూస్తే చిరాకు. ఆ మాట ఎవరితో తిరుగుతుందో చూడండి అంటాను పిల్లలతో. నష్టం, నొప్పి, ఆలస్యం, గొడవ, చావు, వీటితోనే తిరుగుతుంది. వాన పైరును ముంచితే నష్టం 'కాజ్' చేసింది అంటారు, అదే వాన చెరువు నింపితే ఆ మాట ఎత్తరు. మంచి మార్పు తెస్తే 'బ్రింగ్ అబౌట్' అంటారు. 'లీడ్ టు' అంటే నడక, ఒక అడుగు తర్వాత ఇంకో అడుగు వేసి చివరికి ఎక్కడికో చేరడం. 'రిజల్ట్ ఇన్' అంటే కథంతా అయ్యాక చివర మిగిలింది చెప్పడం. 'ట్రిగ్గర్' అంటే అన్నీ ముందే సిద్ధంగా ఉన్నచోట ఒక చిన్న కదలిక. తుపాకీలో మందు కూరినవాడు ఒకడు, మీట నొక్కింది ఒక వేలు. పరీక్ష పేపరుకు ఇవన్నీ ఒకటే, వాడుకలో మాత్రం ఏ రెండూ ఒకటి కావు. మార్కుల కోసం ఒకటే అనుకోండి, బతకడం కోసం వేరనుకోండి అని ఒక జోకు కూడా వేసేదాన్ని. ఈ మధ్య ఆ జోకు మానేశాను.

అత్త అంటే మా నాన్న అక్క. అరవై దాటింది. పెళ్లయిన నాలుగేళ్లకే మొగుడు పోతే మా ఇంటికి తిరిగి వచ్చి నన్ను పెంచింది. కోవిల్‌పట్టికి పడమటగా, బస్సు దిగి రెండు మైళ్లు నడిచే నల్లరేగడి ఊరు మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగు కూడా నోటితో మాట్లాడేదే గాని చదివేదీ రాసేదీ కాదు. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ముప్పై ఏళ్లు దాటాక, అదీ పట్టుదలతో నేర్చుకుంటే. అత్తకు ఏ అక్షరాలూ రావు. వాన పడని ఏడు పత్తి ఎండిపోతే మా ఊరి ఆడవాళ్లు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకు పోతారు. మా వైపు ఆ ఫ్యాక్టరీని ఆపీసు అంటారు. కుర్చీ గాని, బల్ల గాని, ఫ్యాను గాని లేని ఆపీసు. కింద గోనె పరుచుకుని కూర్చుని పెట్టెల్లో పుల్లలు నింపాలి. అత్త పద్దెనిమిదేళ్లుగా ఆ ఆపీసుకు పోతోంది.

మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఇంట్లో ఏది పగిలినా, ఏది పోయినా, ఏ గొడ్డు చచ్చినా, ఇంటికి పెద్ద ఆడమనిషి ముందుకు వచ్చి "నా చేతనే అయ్యె. విడవండి" అంటుంది. అని, వంగి కొంగుతో గడప తుడుస్తుంది. అంతటితో ఆ మాట అయిపోయినట్టే. ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ అడగకూడదు. అడిగితే ఆ పెద్దామెను అవమానించినట్టు. అసలు చేసినవాళ్లు మూలన నిలబడి ఉంటారు, అందరికీ తెలుస్తూనే ఉంటుంది, అయినా మాట్లాడరు. ఇంట్లో కొట్లాటలు పెరక్కుండా ఎవరో మంచి మనసుతో పెట్టిన పద్ధతే అయ్యుంటుంది. దాని మంచితనం చూసే ఇప్పుడు నాకు కోపం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు విత్తనాల కుండ పగలగొట్టాను. బూడిద కలిపి మూత మీద మట్టి మెత్తి అటక మీద దాచిన ఉలవ విత్తనాలు. బెల్లం కోసం ఎక్కి చెయ్యి తగిలించాను. కుండ ముక్కలైంది, విత్తనాలన్నీ తొట్టి నీళ్లలో పడ్డాయి. నాన్న పొలం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నాయనమ్మ అప్పటికే పోయింది కాబట్టి ఇంటికి పెద్ద అత్తే. నా వైపు చూడను కూడా చూడకుండా "నా చేతనే అయ్యె" అంది, గడప తుడిచింది. నాన్న చెప్పులు విడిచి లోపలికి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. ఆ ఏడు విత్తనాలు పక్క ఊళ్లో అడుక్కొచ్చారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ రోజు నేను ఎంత హాయిగా నిద్రపోయానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇక నిప్పు సంగతి. పెట్టెలు నింపేటప్పుడు పుల్లల తలలు రాసుకుని చేతిలోనే పెట్టె అంటుకోవడం ఆ పనిలో మామూలే. వారానికి ఒకసారైనా ఎవరికో ఒకరికి అవుతుంది. అందుకే పక్కన తడి గోనె పెట్టుకుంటారు. అంటుకున్న పెట్టెను దాని మీద పడేసి, ఆ గోనె మడతేసి అదుముతారు. అయిపోతుంది. వేళ్లు కాస్త చురుక్కుమంటాయి, మళ్లీ పని. ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు అత్త చేతిలో పెట్టె అంటుకుంది. గోనె మీద పడేసింది. గోనె ఎండిపోయి ఉంది. గోనెతో పాటు పక్కన పోగేసిన విరిగిన పుల్లలు అంటుకున్నాయి. అత్త రెండు చేతులతో ఆ పోగును బయటికి తోసింది. చేతులు మోచేతుల దాకా కాలాయి, అప్పటికే నిప్పు నింపిన పెట్టెలకు పాకి షెడ్డంతా పొగ కమ్మింది.

అత్త పక్కన కూర్చునేది మా ఎదురింటి పెద్దామె కూతురు. ఇరవై ఆరేళ్లది. అత్తే ఆమెను ఆ పనికి తీసుకుపోయింది, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఆమె ముందు గుమ్మం వైపు రాకుండా, తనకు దగ్గరగా ఉన్న వెనక తలుపు వైపు పరుగెత్తింది. ఆ తలుపు తెరుచుకోలేదు. మిగతా ఆడవాళ్లంతా ముందు నుంచి బయటపడ్డారు. ఆమెను పొగలోంచి తీసేసరికి ఊపిరి లేదు.

అత్తను కోవిల్‌పట్టి ఆస్పత్రిలో చేర్చారు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆపీసు మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుటి మీద విభూతి, చేతిలో బత్తాయిల సంచి. తమిళంలో మెల్లగా, మర్యాదగా మాట్లాడాడు. అత్తను పెద్దమ్మా అన్నాడు. నన్ను టీచర్ అన్నాడు. గవర్నమెంటు తనిఖీ ఆఫీసుకు పంపాల్సిన ఫారం ఒకటి తెచ్చాననీ, అది ఇంగ్లీషులో నింపాలనీ, తమ దగ్గర అంత బాగా ఇంగ్లీషు రాసేవాళ్లు లేరనీ చెప్పాడు. టీచర్ రాస్తే తప్పు ఉండదు అని అత్తతో కూడా అన్నాడు. నాకు అది బాగుంది. అబద్ధం ఎందుకు, నాలుగు రోజులుగా ఆస్పత్రి వరండాలో కూర్చుని, నర్సుల చేత పక్కకు జరగమనిపించుకుంటున్న నాకు అది చాలా బాగుంది.

ఫారంలో పేరు, వయసు, ఎన్నాళ్లుగా పని అన్నీ నింపాను. ఐదో గడిలో 'కాజ్ ఆఫ్ యాక్సిడెంట్' అని ఉంది. మేనేజరు అత్త వైపు వంగి ఎలా జరిగిందమ్మా అని అడిగాడు. మంచం అటుపక్క ఎదురింటి పెద్దామె కూర్చుని ఉంది, కూతురు పోయిన నాలుగో రోజు. తన కూతురి పక్కన కూర్చున్న మనిషిని చూడాలని వచ్చింది. అత్త మేనేజరును చూడలేదు, ఆమెనే చూసింది.

"నా చేతనే అయ్యె. విడవండి" అంది.

అని, కట్లు కట్టిన చేతులతో కొంగు పట్టుకోలేక, మోచేత్తో మంచం ఇనప చట్రాన్ని తుడిచింది. అక్కడ గడప లేదు మరి.

నేను అది చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి లేదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో, ఎవరి కోసం వచ్చిందో ఆ గదిలో అందరికన్నా నాకు బాగా తెలుసు. మేనేజరుకు తెలుగు రాదు, ఆమె ఏమంటోంది టీచర్ అని నన్నే అడిగాడు. తన వల్లే జరిగింది అంటోందని తమిళంలో చెప్పాను. అదే రాయండి, ఆమె మాటే రాస్తే మంచిది, లేకపోతే విచారణ అని ఆపీసు మూసేస్తారు, ఇంతమంది ఆడవాళ్ల పని పోతుంది అన్నాడు. అంతలో నా పెన్నులో సిరా అయిపోయింది. తన జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. బంగారు రంగు క్లిప్పు ఉన్న బరువైన పెన్ను. నేను రాశాను. కార్మికురాలి అజాగ్రత్త ఈ ప్రమాదాన్ని 'కాజ్' చేసింది అని, ఎక్కడా తప్పు లేకుండా, చక్కటి చేతిరాతలో రాశాను. అజాగ్రత్త అన్న మాట అత్త అనలేదు. వాక్యానికి ఒక కర్త కావాలి కదా అని నేనే చేర్చాను. అత్త వేలు కట్టులో ఉంది కాబట్టి కాలి బొటనవేలి ముద్ర తీసుకున్నారు. కింద 'తర్జుమా చేసినవారు' అన్నచోట నా సంతకం. మేనేజరు పెన్ను తిరిగి తీసుకోలేదు, ఉంచుకోండి టీచర్, మీకే పనికొస్తుంది అన్నాడు. దండం పెట్టి వెళ్లాడు. ఆ పెన్ను నాకు నచ్చింది కూడా.

అంతకు నాలుగు రోజుల ముందు పిల్లలకు ఏం చెప్పాను? 'లీడ్ టు' అంటే అడుగులు లెక్కపెట్టాలి అని కదా? ఒక్కో అడుగూ చెప్పకుండా చివరిది మాత్రం చెబితే అది అబద్ధం కన్నా చెడ్డది అని కదా? ఈ నోటితోనే చెప్పాను. ఆ గడిలో ఒక్క అడుగు కూడా రాయలేదు.

మూడు వారాల తర్వాత విరుదునగర్‌లోని ఆ తనిఖీ ఆఫీసు నుంచి అత్త పేర కాగితం వచ్చింది. అప్పటికి ఆమెను ఊరికి తీసుకొచ్చేశాం, నేను శని, ఆదివారాలు వెళ్లి వస్తున్నాను. కాగితం చదివి గోడకు ఆనుకుని కూర్చున్నాను. నా వాక్యమే. నా వాక్యాన్ని అలాగే ఎత్తి టైపు కొట్టారు, కామాతో సహా. దాని కింద ఇంకో వాక్యం చేరింది, ఆ అజాగ్రత్త తోటి కార్మికురాలి మరణానికి దారితీసింది అని. 'లీడ్ టు' అనే రాశారు. నాకు రాయడం చేతకాని మాట వాళ్లకు చేతనైంది, అదీ అత్త నెత్తిన పెట్టడానికి. విచారణకు రావాలనీ, కేసు పెట్టే విషయం ఆ తర్వాత తేలుస్తామనీ ఉంది. అంటే, తను చేయి పట్టి పని నేర్పిన పిల్లను చంపిన మనిషి అని గవర్నమెంటు కాగితంలో అత్త పేరు శాశ్వతంగా ఉండబోతోంది. అదీ ఎదురింటి గుమ్మం కనబడేంత దూరంలో బతుకుతూ. ఆపీసు మాత్రం మూతపడలేదు. సున్నం కొట్టి తెరిచేశారట.

ఆ సాయంత్రం అత్తకు అన్నం కలిపి పెడుతున్నాను. ఆమెకు వేళ్లు ఇంకా ముడుచుకోవు. కోపంలో ముద్దలు పెద్దవి చేస్తున్నానని మెల్లగా పెట్టమంది. ఏదో మాట్లాడాలి కాబట్టి, గోనె ఎందుకు ఎండిపోయింది అత్తా అని అడిగాను. ఎవరు ఎండబెట్టారు అని అడగలేదు, ఎందుకు అనే అడిగాను. నీళ్ల డ్రమ్ము పంగుని నెల నుంచీ పగిలిపోయే ఉంది కదా అంది. పంగుని అంటే తమిళ లెక్కలో మార్చి, ఏప్రిల్. అది నాకు తెలిసిన సంగతే అన్నట్టు చెప్పింది. తాగడానికి ఇంటి నుంచి సీసాలో తీసుకుపోయే నీళ్లే పొద్దున్నే కొంచెం గోనె మీద చల్లుకునేవాళ్లట. ఆ రోజు గాలి ఎక్కువ, పదింటికే ఎండిపోయిందట. విరిగిన పుల్లలు ఎందుకు ఊడ్వలేదు అన్నాను. ఊడ్చే మనిషిని మాన్పించి రెండు నెలలైందట. మరి వెనక తలుపు? దానికి అడ్డంగా కట్టలు పేర్చి ఉన్నాయి కదా, లారీకి పోవాల్సిన కట్టలు, పంగుని దాటాక చిత్తిరై నెలలో తీసిందే ఆ తలుపు, మళ్లీ తీయలేదు అంది. ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది.

నేను ముద్ద పెట్టలేకపోయాను. పళ్లెం కింద పెట్టి పెరట్లోకి వెళ్లి, బట్టలుతికే బండ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. పగిలిన డ్రమ్ము, మాన్పించిన మనిషి, పేర్చిన కట్టలు, అన్నీ నెలల తరబడి సిద్ధంగా ఉన్నాయి. అత్త చేతిలో అంటుకున్న పెట్టె చివరి చిన్న కదలిక. పాఠంలో నేను చెప్పే తుపాకీ అది. కూరినవాడు విభూతి పెట్టుకుని బత్తాయిలు తెచ్చాడు. నేను ఆ బత్తాయిలు ఒలిచి అత్తకు తినిపించాను.

ఇదంతా అప్పుడే ఎందుకు చెప్పలేదు అని లోపలికి వచ్చి అరిచాను. నిజంగానే అరిచాను, ఎదురింట్లో వినబడేలా. అత్తకు నా కోపం అర్థం కాలేదు. మీద వేసుకున్నాక ఇంకొకరి మీద చెప్పకూడదు కదా అంది. అదీ ఆ పద్ధతిలో భాగమే, నేను మర్చిపోయాను. తప్పు నెత్తిన వేసుకున్న పెద్దామె ఆ తర్వాత ఇంకెవరి గురించీ నోరు విప్పకూడదు. చూసింది కూడా చెప్పకూడదు. అంత చక్కగా నోరు నొక్కే పద్ధతి మాకు ఉందని ఆ మేనేజరుకు తెలియకపోవచ్చు, అయినా వాడికి సరిగ్గా అదే కలిసొచ్చింది.

విచారణకు నేను అత్తను బస్సులో విరుదునగర్ తీసుకుపోయాను. ఎదురింటి పెద్దామెకూ కాగితం వచ్చింది, ఆమె కూడా మాతోనే వచ్చింది. ముగ్గురం ఒకే సీటులో కూర్చున్నాం. అత్త కిటికీ వైపు, ఆమె మధ్యలో. సాత్తూరు దాటాక ఆ పెద్దామె తన సంచిలోంచి సీసా తీసి, మూత తిప్పి, అత్త నోటికి నీళ్లు పట్టింది.

అధికారి కుర్రవాడే, నా క్లాసులో కూర్చునే వయసు. కోపంగా ఏమీ లేడు. ముందు ఎదురింటి పెద్దామెను అడిగాడు, మీ కూతురి చావు గురించి ఏమైనా చెప్పాలా అని. ఆమె లేచి నిలబడింది. ఆ రోజు పొద్దున పిల్లకు ఒళ్లు వెచ్చగా ఉందనీ, పోనంటే తానే పొమ్మని పంపాననీ చెప్పింది. తమిళంలో మొదలుపెట్టి చివరికి మా తెలుగులోకి వచ్చేసింది.

"నా చేతనే అయ్యె సామీ. ఆమెను విడవండి."

అత్త వెంటనే లేచింది. కాదు, నా చేతనే అంది. ఇద్దరు ముసలమ్మలు, ఒకరి బిడ్డ పోయింది, ఒకరి చేతులు పోయాయి, గవర్నమెంటు బల్ల ముందు నిలబడి నాదంటే నాదని పోటీ పడుతున్నారు. అధికారి ఏమంటున్నారు అని నన్ను అడిగాడు. నా జన్మలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. వాళ్ల మీద, అతని మీద, నా నోట్లో మళ్లీ సిద్ధంగా ఉన్న తర్జుమా మీద.

ఈసారి తర్జుమా చేయలేదు. డ్రమ్ము గురించి, ఊడ్చే మనిషి గురించి, తలుపు గురించి నేనే చెప్పాను. గొంతు లేచింది. అతను మంచినీళ్లు తాగమన్నాడు. అంతా విని, మీరు అక్కడ ఉన్నారా అని అడిగాడు. లేనన్నాను. అయితే మీరు సాక్షి కాదు అన్నాడు. చూసినామె తన వల్లే అని ముద్ర వేసింది, ఇప్పుడు కూడా అదే అంటోంది, నేనేం చేయను అన్నాడు. నిజమే, అతనేం చేస్తాడు. ఫారం తిరగేసి, తర్జుమా తప్పని ఆ చేసినవాళ్లే రాసిస్తే ఈ వాంగ్మూలం పక్కన పెట్టి కొత్తగా తీసుకోవచ్చు అన్నాడు. అలా రాస్తే మీ మీద ప్రశ్నలు వస్తాయి టీచర్, తెలిసి రాశారా తెలియక రాశారా అని అడుగుతారు అని కూడా చెప్పాడు. వారం గడువు ఇచ్చాడు.

ఊరికి తిరిగి వచ్చేసరికి మూడు గంటలైంది. ఎండ గుమ్మంలో పడుతోంది. ఎదురింటి పెద్దామె తన ఇంటికి పోకుండా మా గుమ్మం ముందు అరుగు మీదే కూర్చుంది. నేను చాప వేసుకుని, పలక లాంటి అట్ట ఒకటి ఒళ్లో పెట్టుకుని కాగితం తీశాను. ఇంగ్లీషులోనే రాశాను. ఆమె అజాగ్రత్త అనలేదు, ఆ మాట నాది. ఆమె అన్నది మా ఇళ్లలో పెద్దవాళ్లు ప్రతిదానికీ అనే మాట, అది నేరం ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు. తెలిసే రాశాను. 'నోయింగ్‌లీ' అన్న మాట దగ్గర చెయ్యి ఆగింది. పరీక్షలకు చదివే పిల్లలు రేపు నా దగ్గరికి వస్తారా, రారా అన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసి, ఆ మాట రెండుసార్లు దిద్దినట్టు నల్లగా రాశాను.

ఏం రాస్తున్నావు పాపా అని అత్త అడిగింది. చదివి వినిపించాలి కదా. ఇంగ్లీషు వాక్యాలు మా తెలుగులో ఎలా చెప్పాలో తెలియలేదు. చివరికి అదే మాట వచ్చింది.

"నా చేతనే అయ్యె అని రాస్తి."

అత్త నా వైపు తిరిగింది. చిన్నప్పటి నుంచీ నన్ను ఒక్క దెబ్బ కొట్టని మనిషి, ఆ రోజు చేతులు బాగుంటే కొట్టేదే అనిపించింది.

"ఆ మాట నువ్వు చెప్పగూడదు. పెద్దదాన్ని నేను ఇంకా ఉండాను గదా."

అంటూనే లేచి గడప దగ్గరికి పోయింది, మోచేయి చాపి వంగబోయింది. నేను వెళ్లి ఆమె భుజం పట్టుకున్నాను, గట్టిగానే పట్టుకున్నాను. విత్తనాల కుండ నాది అత్తా అన్నాను. అది తీసుకున్నావు, ఊరుకున్నాను. ఇది ఇవ్వను. ఇది నేను చదువుకుని, తెలిసి, సంతకం పెట్టి చేసింది. ఇది కూడా నువ్వు తుడిచేస్తే, చచ్చిపోయిన పిల్ల గురించి అడిగేవాళ్లు ఎవరూ మిగలరు అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఏడుస్తూ అన్నాను కాబట్టి సగం ఏమన్నానో గుర్తులేదు. అరుగు మీద ఎదురింటి పెద్దామె తల ఎత్తలేదు, వింటూనే ఉంది.

అత్త గడప తుడవలేదు. అక్కడే, గడప మీదే కూర్చుంది. మామూలుగా మా ఇంట్లో ఎవరూ గడప మీద కూర్చోరు. ఎదురింటామె వీపు వైపు చూస్తూ అడిగింది.

"అట్లైతే నా మీద ఏమీ లేదా? నేను చూసింది నేను చెప్పవచ్చునా?"

చెప్పవచ్చు అన్నాను.

"ఆ తలుపుకు కట్టలు పేర్చిన దినము ఈమె పిల్ల అడిగె, నిప్పు లేస్తే ఎట్ల పోయేది అని. నోరు మూసుకో అనె. పక్కన నిలబడి పేర్పించె. నీకు పేనా ఇచ్చినవాడే పాపా."

ఎదురింటి పెద్దామె అప్పుడు ఇటు తిరిగింది. నేను ఇంకో కాగితం తీసి అత్త మాట రాయబోయాను. అప్పుడు చూసుకున్నాను, నేను రాస్తున్నది ఆ పెన్నుతోనే.